రేడియేటర్‌లో ఆయిల్ కనిపించగానే హెడ్ విప్పాలా?

ప్రశ్న: మా స్కిడ్ స్టీర్ లోడర్ (ముందు బకెట్‌తో మట్టి ఎత్తే చిన్న బండి) రేడియేటర్ మూత తీస్తే పైన చాక్లెట్ రంగులో చిక్కటి జిగురు తేలుతోంది. పోయిన వారం దాకా కూలెంట్ శుభ్రంగానే ఉంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజన్ ఆయిల్ ఎప్పటిలాగే నల్లగా ఉంది, నీళ్ల జాడ లేదు, లెవెల్ మాత్రం తగ్గింది. తెల్ల పొగ లేదు, ఇంజన్ వేడెక్కడం లేదు. మెకానిక్ చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందన్నాడు, రేపే హెడ్ విప్పుదామంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. సరేననమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి అనుమానం ఇంజన్ ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఇంజన్ ఆయిల్‌ను చల్లబరిచే భాగం) మీద. గ్యాస్కెట్ బాగానే ఉందని నేననట్లేదు. హెడ్‌లోకి వెళ్లే ఆయిల్ దారికీ నీళ్ల దారికీ మధ్య గ్యాస్కెట్ తెగినా ఇలాగే అవుతుంది. కానీ కూలర్‌ను పరీక్షించడం చిన్న పని, హెడ్ విప్పడం పెద్ద పని, కాబట్టి ముందు చిన్నది.

ఇందులో అసలు కిటుకు ప్రెషర్‌లో ఉంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు ఆయిల్ ప్రెషర్ సాధారణంగా 40 నుంచి 60 పీఎస్ఐ దాకా ఉంటుంది, కూలెంట్ ప్రెషర్ రేడియేటర్ మూత ఎంత ఆపితే అంతే, అంటే 15 పీఎస్ఐకి అటూ ఇటూ. కూలర్ లోపల ఈ రెండింటినీ వేరుచేసేది పల్చటి రేకే. దానికి చిల్లు పడితే ఎక్కువ ప్రెషర్ ఉన్న ఆయిల్ కూలెంట్‌లోకి తోసుకొస్తుంది, అందుకే రేడియేటర్ అంతా జిగురు, ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మాత్రం శుభ్రం. ఇంజన్ ఆపగానే ఇది తిరగబడుతుంది. ఆయిల్ ప్రెషర్ వెంటనే పడిపోతుంది, వేడి కూలెంట్‌లో మాత్రం ఇంకాసేపు ప్రెషర్ నిలిచి ఉంటుంది, అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి దిగొచ్చు. అందుకని ఈ రోజు డిప్‌స్టిక్ శుభ్రంగా ఉందని ధైర్యపడి బండి నడపకండి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల దగ్గర పొర కట్టదు, క్రాంక్ షాఫ్ట్ దెబ్బతిన్నాక గ్యాస్కెట్టా కూలరా అన్న చర్చే ఉండదు.

ఇంకొక్కటి కూడా చూడాలి. ఆ జిగురులో ఉన్నది ఏ ఆయిల్? స్కిడ్ స్టీర్ చక్రాలు హైడ్రాలిక్ ఆయిల్‌తోనే తిరుగుతాయి, ఆ ఆయిల్‌కీ కూలర్ ఉంటుంది. చాలా బండ్లలో దాన్ని చల్లబరిచేది గాలే, కూలెంట్‌తో సంబంధం ఉండదు. మీ మోడల్‌లో కూలెంట్‌తో చల్లబరిచే ఏర్పాటు ఉందేమో మాన్యువల్‌లో చూడండి. ఉంటే, హైడ్రాలిక్ ట్యాంకు లెవెల్ తగ్గిందా, డిప్‌స్టిక్ దగ్గర తగ్గిందా అన్నదే తేలుస్తుంది. డీజిల్ ఇంజన్ ఆయిల్ మసితో నల్లబడి ఉంటుంది, హైడ్రాలిక్ ఆయిల్ లేత రంగులో ఉంటుంది కాబట్టి జిగురు రంగు కూడా కొంత చెబుతుంది. మీకు ఇంజన్ ఆయిలే తగ్గిందంటున్నారు గనుక నా అనుమానం అటే పోతోంది.

ఇక పరీక్షలు. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకుండా చాంబర్ డ్రెయిన్ ప్లగ్‌ను మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు, దిగి ఉంటే మొదట అవే బొట్లుగా వస్తాయి. తర్వాత ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా (వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు) గేజి ఉన్న చేతిపంపుతో కూలెంట్ సిస్టమ్‌కు మూత మీద రాసిన ప్రెషర్ దాకా ఎక్కించి వదిలేయండి. ముల్లు దిగుతూ బయటెక్కడా తడి లేకపోతే లోపలే లీకవుతోందన్నమాట. చాంబర్ కూడా దించి కింద నుంచి టార్చి వేసి చూస్తే లైనర్ (పిస్టన్ తిరిగే గొట్టం) అడుగు నుంచి కారుతోందా, ఇంకెక్కడి నుంచైనా వస్తోందా కనిపిస్తుంది.

వీటన్నిటికన్నా నాకు నమ్మకమైనది కూలర్‌ను ఊడదీసి పరీక్షించడం. ఆయిల్ వైపు ఒక రంధ్రం మూసి, రెండోదాని నుంచి తక్కువ ప్రెషర్‌తో గాలి ఎక్కించి గోరువెచ్చని నీళ్లలో ముంచండి. వేడికి రేకు సాగి సన్నటి పగులు కూడా బుడగలు వదులుతుంది, చల్లటి నీళ్లలో అది ఒక్కోసారి దాక్కుంటుంది. బుడగలు వస్తే దోషి దొరికినట్టే, రాకపోతే అప్పుడు మీ మెకానిక్ మాట వినండి. హెడ్ విప్పితే మాత్రం కొత్త గ్యాస్కెట్ వేసి మూసేయకుండా హెడ్ వంకర పోయిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి కొలిపించండి, పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించండి.

ప్రశ్న: ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి వెన్నలాంటిది పేరుకుంటోంది. డిప్‌స్టిక్ మీద మాత్రం ఏమీ లేదు. ఇదీ ఆ జబ్బేనా?

జవాబు: బండిని పది నిమిషాలు నడిపి ఆపేస్తుంటే లోపలి తేమ ఆవిరయ్యేంత వేడి రాదు, అది మూతకు పట్టి ఇలా పేరుకుంటుంది. కూలెంట్ లెవెల్ గుర్తు పెట్టుకుని వారం చూడండి. తగ్గకపోతే, ఇంజన్ బాగా వేడెక్కేలా పని చేయించాక ఆ తెలుపు పోతే, కంగారు లేదు. కూలెంట్ తగ్గుతుంటే పైన చెప్పిన పరీక్షలన్నీ మీకూ అవసరమే. ఒకవేళ డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరిగి, ఆయిల్ పల్చగా డీజిల్ వాసన వేస్తుంటే అది కూలెంట్ కాదు, ఇంధనం దిగుతోంది, వెతకాల్సింది ఇంజెక్టర్లు, పంపు దగ్గర.

ప్రశ్న: ఆయిల్ కూలర్ మార్చాం. రేడియేటర్‌ను మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగాం. ఇంకా జిడ్డు తేలుతూనే ఉంది. కొత్త కూలర్ కూడా పోయిందా?

జవాబు: ఉత్త నీళ్లకు ఆయిల్ వదలదండి. కూలింగ్ సిస్టమ్‌లో ఆయిల్ తీయడానికే తయారుచేసిన క్లీనర్ పోసి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకునేంత వేడి వచ్చేలా నడిపి, చల్లారాక ఆ నీళ్లన్నీ కిందికి దించేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి, మూడు నాలుగు సార్లకు విసుగొస్తుంది, అయినా ఆపొద్దు. ఆయిల్‌కు హోస్ పైపుల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, చేత్తో నొక్కి చూసి మెత్తగా తగిలినవన్నీ మార్చేయండి, థర్మోస్టాట్ కూడా. కడిగిన నీళ్లను డబ్బాల్లో పట్టి వాడేసిన ఆయిల్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. కొత్త కూలెంట్ పోశాక రోజూ పొద్దున చల్లటి ఇంజన్ మూత తీసి చూడండి. జిడ్డు రోజురోజుకూ పల్చబడుతుంటే అది పాతది. ఆగకుండా పెరుగుతూ, డిప్‌స్టిక్ లెవెల్ కూడా దిగుతుంటేనే కూలర్‌ను మళ్లీ ఊడదీయండి, అప్పుడు ముందుగా దాని సీళ్లు సరిగ్గా కూర్చున్నాయా చూడండి.