మైకుకు దగ్గరగా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘నాకు ఇష్టమైన కంట్రీ గాయకులు’ అని పేరు పెట్టావు. అమెరికా పల్లెల్లో పుట్టిన ఆ పాటలు పాడినవాళ్ళు: జానీ క్యాష్, డాలీ పార్టన్, లొరెటా లిన్, విల్లీ నెల్సన్, ప్యాట్సీ క్లైన్, హ్యాంక్ విలియమ్స్, జిమ్ రీవ్స్. ఏడుగురికి ఏడు పేరాలు. అందరి గొంతూ మధురమే, అందరి పాటా గుండెను పిండేసేదే. పేర్లు తీసేసి మరో ఏడుగురి పేర్లు పెట్టినా ఆ పేరాలు చెక్కుచెదరవు. నాకు దిగులు కలిగించింది అదే.

కానీ రెండో పేరాలో ఒక వాక్యం ఉంది. మొదటి చలికాలంలో, వాడిన బట్టలు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్‌లో పన్నెండు డాలర్లకు కొన్న కోటు వేసుకుని బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఫోన్‌లో డాలీ పార్టన్ పాట మొదటిసారి విన్నానని రాశావు. చదువుతున్నవాణ్ణి అక్కడ ఆగిపోయాను. నువ్వు మాత్రం ఆగలేదు. వెంటనే ఆవిడకొచ్చిన అవార్డుల లెక్కలోకి వెళ్ళిపోయావు. ఆ లెక్క ఎవరైనా చెప్పగలరు. ఆ కోటు సంగతి నువ్వొక్కదానివే చెప్పగలవు.

నువ్వు విన్నది ఏ పాటో రాయలేదు. ఒకవేళ అది ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ అయితే, అది ఎలా పుట్టిందో తెలుసుకో. డాలీది టెనెస్సీలో స్మోకీ కొండల పక్క ఊరు. 1946లో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. ఎవరో ఇచ్చిన గుడ్డపీలికలు కలిపి వాళ్ళమ్మ కోటు కుట్టింది. బైబిల్లో యోసేపు రంగురంగుల అంగీ కథ చెబుతూ కుట్టింది. ఆ పిల్ల గొప్పగా వేసుకుని బడికి వెళితే తోటి పిల్లలు నవ్వారు. ఏళ్ళ తరవాత టూర్ బస్సులో ఈ పాట మనసులోకి వచ్చినప్పుడు కాగితం దొరకలేదట. తనతో కలిసి పాడే పోర్టర్ వ్యాగనర్ సూట్లకు వచ్చిన డ్రై క్లీనింగ్ రసీదు వెనక రాసుకుంది. పాట 1971లో వచ్చింది. ‘మేం చాలా పేదవాళ్ళం, ఎన్నో కష్టాలు పడ్డాం’ అని మొదలుపెట్టి ఉంటే మనం జాలిపడి మరిచిపోయేవాళ్ళం. గుడ్డపీలికలు చూపించింది కాబట్టి యాభై ఏళ్ళు దాటినా మరిచిపోలేదు.

లొరెటా లిన్ కూడా అంతే. కెంటకీలో బొగ్గుగని కార్మికుడి కూతురు. తన ఇంటి గురించి రాసుకున్న పాటలో చలికాలం బూట్లు ఎలా వచ్చాయో చెబుతుంది: నాన్న ఎలాగో డబ్బు సమకూర్చేవాడు, కావాలంటే పందిని అమ్మేవాడు. ఆ పందిని చూశాక ‘మా నాన్న త్యాగమూర్తి’ అనే మాట అవసరమా చెప్పు. ఆ పాటకు ఆవిడ మొదట ఇంకా చాలా చరణాలు రాసింది. మరీ పొడుగైందని నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ కొన్ని తీయించేశాడు. తన బతుకులోని ముక్కలు తీసేస్తుంటే ఎవరికైనా ప్రాణం విలవిల్లాడుతుంది. నీకూ అలాగే ఉంటుంది. అయినా తియ్యి. నీ ఏడుగురిలో ఆరుగురిని పక్కన పెట్టు. వాళ్ళెక్కడికీ పోరు.

ఒక తప్పు కూడా చెప్పాలి, ఏమీ అనుకోకు. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ డాలీ తన ప్రియుడి కోసం రాసిందని రాశావు. కాదు. ఏళ్ళ తరబడి ఎవరి టీవీ షోలో పాడిందో ఆ పోర్టర్ వ్యాగనర్‌ను వదిలి సొంతంగా నిలబడాలనుకున్నప్పుడు, వీడ్కోలుగా రాసుకున్న పాట అది. రాసింది 1973లో, విడుదలైంది 1974లో. విట్నీ హ్యూస్టన్ గొంతులో ప్రపంచమంతా వినడం 1992లో. ఇది సరిచూసుకోవడానికి నీకు ఐదు నిమిషాలు చాలు. ఇలాంటి ఒక్క తప్పు కనిపిస్తే చదివేవాడు నీ కోటును కూడా అనుమానిస్తాడు.

ఇక జిమ్ రీవ్స్. అతని గురించి నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు. నీ వయసుకు అది సహజం. నాకు మాత్రం ఆ పేరు కనిపిస్తే ముందు మా నాన్న అరచెయ్యి గుర్తొస్తుంది.

మేం సికింద్రాబాద్‌లో, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్. పక్క క్వార్టర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవర్ కుటుంబం. డిసెంబరు వస్తే వాళ్ళింట్లోంచి కేకు వాసన, జిమ్ రీవ్స్ పాడిన క్రిస్మస్ పాటలు కలిసి వచ్చేవి. మిగతా పదకొండు నెలలు కూడా అతనే. రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య ఇరవై ఏళ్ళు పనిచేసి నాన్నకు వినికిడి బాగా తగ్గింది. అందుకని ఆయన మాట్లాడితే వీధి చివరికి వినబడేది. ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళి రికార్డ్ ప్లేయర్ చెక్కపెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. ఇంగ్లీషు రాదు. ఇంటికొచ్చాక, “ఈయన అరవడురా, చెవి దగ్గరికొచ్చి చెప్తాడు” అనేవాడు.

ఆ మాటలో ఎంత నిజముందో నాకు చాలా ఏళ్ళ తరవాత, అమెరికా వచ్చాక తెలిసింది. జిమ్ రీవ్స్ కూడా మొదట్లో గొంతెత్తే పాడేవాడు. 1953లో పేరు తెచ్చిన ‘మెక్సికన్ జో’ విను, హుషారుగా, బిగ్గరగా ఉంటుంది. 1957లో ‘ఫోర్ వాల్స్’ పాడేటప్పుడు పెదవులు మైకుకు దాదాపు ఆనించి, గొంతు బాగా తగ్గించి పాడాడు. గొంతు తగ్గించాకే అది ఇంకా దూరం వెళ్ళింది. ఇండియా దాకా, నార్వే దాకా, దక్షిణాఫ్రికా దాకా వెళ్ళింది. 1959 చివర్లో వచ్చిన ‘హీల్ హ్యావ్ టు గో’ కథ కూడా అదే. ఒకతను తను ప్రేమించిన అమ్మాయికి ఫోన్ చేస్తాడు. ఆమె పక్కన ఇంకెవరో ఉన్నారని తెలుసు. ఫోన్ నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకోమంటాడు, ఇక్కడ మోగుతున్న పాటల పెట్టె సౌండు తగ్గించమని చెబుతానంటాడు. పాటంతా ఆ ఒక్క ఫోన్ కాలే.

1964 జులై 31న, తనే నడుపుతున్న చిన్న విమానం నాష్‌విల్ దగ్గర తుఫాను వానలో కూలిపోయి జిమ్ రీవ్స్ చనిపోయాడు. నలభై ఏళ్ళే. నాన్న ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి వింటున్న రోజులకే ఆ మనిషి పోయి పదేళ్ళు దాటింది. ఆ సంగతి నాన్నకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నాన్న పోయాక ఆయన గురించి రాయాలని ఎన్నేళ్ళు ప్రయత్నించానో. ‘కష్టజీవి’, ‘నిస్వార్థపరుడు’, ‘మా కోసం కొవ్వొత్తిలా కరిగిపోయాడు’. ఇవన్నీ రాశాను. అచ్చు కూడా అయ్యాయి. మా చెల్లెలు చదివి, “బాగుంది అన్నయ్యా, కానీ ఇందులో నాన్న లేడు” అంది. నువ్విప్పుడు ఉన్నచోట నేనూ చాలాకాలం ఉన్నాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

చివరికి నేను రాయగలిగింది ఒక్క ఫోన్ కాల్ గురించి. నేను డాలస్ నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. నాన్న అరిచి మాట్లాడేవాడు, నేనూ అరిచేవాణ్ణి. వినికిడి తక్కువ, పైగా దేశం కాని దేశం కదా, అరిస్తేనే వినబడుతుందని ఆయన నమ్మకం. ఒక ఆదివారం మా పెద్దవాడి పుట్టినరోజు. ఇంటి నిండా పిల్లలు, పాటలు, గోల. అటువైపు నుంచే ఫోన్ వచ్చింది. నాన్న గొంతు నాకు వినబడలేదు. జీవితంలో మొదటిసారి నాన్న మాట వినబడలేదు. గరాజ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఫోన్ చెవికి నొక్కిపెట్టుకున్నాను. “భోజనం చేశావా?” అంటున్నాడు. మెల్లగా, నా చెవి దగ్గరికొచ్చి అడిగినట్టు. అంతే అడిగాడు. ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాడని తరవాత చెల్లెలు చెప్పింది.

ఇది రాసినప్పుడు ‘త్యాగం’, ‘ప్రేమ’ అనే మాటలు ఒక్కసారి కూడా వాడలేదు. చెల్లెలు ఈసారి ఏమీ అనలేదు, ఫోన్‌లో చాలాసేపు ఊరుకుంది.

ఆ తరవాతి ఏడాది ఒకసారి పొద్దున్నే కారు తీసి కార్తేజ్ వెళ్ళాను. తూర్పు టెక్సస్‌లో చిన్న ఊరు, మా ఇంటి నుంచి దాదాపు మూడు గంటలు. జిమ్ రీవ్స్‌ను ఆ ఊరి బయట హైవే పక్కనే సమాధి చేశారు. నిలువెత్తు విగ్రహం ఉంది. నేను వెళ్ళినప్పుడు ఎవరూ లేరు, చెట్ల వెనక లారీలు పోతున్న చప్పుడు తప్ప. ఏం చెయ్యాలో తెలియక రాతి మీద అరచెయ్యి పెట్టాను. ఎండకి కాలింది. అయినా కాసేపు తియ్యలేదు.

నీ వ్యాసం దగ్గరికొస్తాను. ఆ బస్‌స్టాప్ ఎక్కడిది? ఎన్ని గంటలకు? బస్సు వచ్చిందా, వచ్చినా ఎక్కకుండా పాట అయ్యేదాకా నిలబడ్డావా? కోటు ఏ రంగు? చేతులు పొడుగయ్యాయా? కొన్నానని మీ అమ్మకు చెప్పావా? చెబితే ధర నిజమే చెప్పావా? ఎవరో వాడి వదిలేసింది అని చెప్పావా? అన్నింటికీ జవాబులు వ్యాసంలోకి రావాలని కాదు. నీకు తెలిసి ఉండాలి, అంతే. పాటలో మాటలు ఎత్తి రాయకు. పాట వింటున్న నువ్వు కనబడితే అది మాకూ వినబడుతుంది.

రెండు పేజీలు మించనివ్వకు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో రాసి పంపితే ఆ వారంలోనే చదువుతాను. ఆ కోటు ఇంకా నీ దగ్గరే ఉంటే, రాయడానికి కూర్చునే ముందు ఒకసారి బయటికి తీసి తొడుక్కో. జేబుల్లో చెయ్యి పెట్టి చూడు, పాత బస్ టికెట్ ఏదైనా దొరుకుతుందేమో.

ఆశీస్సులతో,
డాలస్ నుంచి,
మీ అంకుల్