బరంపురం చదరంగం టోర్నీకి వెళ్లే మేనకోడలికి

అమ్మలూ, ఆశీస్సులు.

పర్లాకిమిడిలో పొద్దున్నే బస్సెక్కి నేరుగా మొదటి రౌండ్‌లో కూర్చోకు. ముందురోజు రాత్రికే బరంపురం చేరుకో.

తెల్ల పావులు వస్తే క్వీన్ ముందున్న బంటును రెండు గళ్లు తోసి డీ4 (డీ అక్షరం నిలువు వరుసలో నాలుగో గడి) ఆడు. అవతలివాళ్లు డీ5, నువ్వు సీ4, వాళ్లు ఈ6. ఈ ఆరంభం పేరే క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్. 1927లో కపబ్లాంకా, అలెఖైన్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలో 34 ఆటలకు 32 ఇందులోనే సాగాయి. బాగా నలిగిన దారి, నమ్మి ఆడు.

నీ గుర్రం సీ3కి, వాళ్లది ఎఫ్6కి వచ్చాక, నాలుగో ఎత్తులోనే డీ5 బంటును కొట్టెయ్. వాళ్లు ఈ6 బంటుతో తిరిగి కొడితే బిషప్‌ను జీ5కి తే. అప్పుడు వాళ్లు రెండో గుర్రాన్ని డీ7లో పెడితే, ఎఫ్6 గుర్రం క్వీన్‌కి అడ్డుగా ఇరుక్కుందని, డీ5 బంటు ఊరికే వస్తుందని అనిపిస్తుంది. దాని జోలికి పోకు. నీ గుర్రం కొడితే వాళ్ల గుర్రం కొడుతుంది. నువ్వు క్వీన్ తీసుకోగానే బిషప్ బీ4లో చెక్ ఇస్తుంది. అడ్డం పెట్టడానికి నీ క్వీన్ తప్ప ఏమీ ఉండదు. లెక్క తేలేసరికి ఒక్క బంటుకు గుర్రం పోతుంది.

తర్వాత ఈ3, బిషప్ డీ3, క్వీన్ సీ2, గుర్రం ఎఫ్3, క్యాజిల్ (రాజును, రూక్‌ను ఒకే ఎత్తులో జరపడం). క్వీన్ సీ2లో ఉంటే హెచ్7 మీద ఒత్తిడి, పైగా వాళ్ల బిషప్ ఎఫ్5కి రాలేదు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఏ1 మూలనున్న రూక్‌ను బీ1కి జరుపు. వాళ్లు ఏ5 ఆడితే నువ్వు ఏ3, ఆ తర్వాతే బీ4, బీ5. రెండు బంట్లు మూడింటి మీదకు పోవడం దండగలా ఉంటుంది గానీ, బీ5 పడ్డాక వాళ్లకు ఏం చేసినా ఇబ్బందే. ఊరుకుంటే సీ6లో నిలిపిన వాళ్ల బంటును కొట్టు. బీ బంటుతో తిరిగి కొట్టారా, సీ6కి కాపలా బంటు ఉండదు. సీ వరుసలో రూక్‌లు పెట్టి, గుర్రాన్ని ఏ4 మీదుగా సీ5కి పంపు. వాళ్లే సీ5 తోస్తే కొట్టెయ్, డీ5 ఒంటరిదవుతుంది.

ఆ ధ్యాసలో రాజును మరిచిపోకు. వాళ్ల గుర్రం ఈ4లో దిగితే ముందు ఈ7లో బిషప్‌లు మార్చుకో, తర్వాత ఆ గుర్రాన్ని డీ3 బిషప్‌తో కొట్టి, నీ ఎఫ్3 గుర్రాన్ని డీ2కి తగ్గించు.

క్యాజిల్ చేసేటప్పుడు ముందు రాజునే ముట్టుకో, అదీ ఒకే చేత్తో. రూక్ ముందు తగిలితే ఆ ఎత్తులో ఆ వైపు క్యాజిల్ పోయినట్టే. ఎత్తు వేశాకే కాగితం మీద రాయి. డ్రా అడగాలంటే ఎత్తు వేసి, గడియారం నొక్కే ముందే అడుగు.

మీ మావయ్య