ఆయన లద్దాఖ్‌లో, నేను నైట్ షిఫ్ట్‌లో... ఈ గుండె దడ తగ్గేదెలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 33 ఏళ్లు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. మావారు ఆర్మీలో హవల్దార్. ఇప్పుడు లద్దాఖ్‌లో ఫీల్డ్ పోస్టింగ్. అక్కడికి ఫ్యామిలీని తీసుకెళ్లే వీల్లేదు కాబట్టి నేను, ఏడేళ్ల బాబు అత్తమామల దగ్గర ఉంటున్నాం. నేను ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం చేస్తాను. అమెరికా క్లయింట్. సాయంత్రం 6:30కి మొదలయ్యే షిఫ్ట్ నవంబర్ నుంచి 7:30కి మారింది, తెల్లవారుజామున 4:30కి అయిపోతుంది. బాబును స్కూలుకు పంపాలి కాబట్టి 6:30కల్లా లేస్తాను. మధ్యాహ్నం కాసేపు పడుకుంటాను గానీ ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు.

నవంబర్ మొదటి వారం నుంచి రాత్రి రెండు, మూడు గంటలప్పుడు గుండె దడ, చేతులు చల్లబడటం, ఊపిరాడనట్టు అనిపించడం. తలనొప్పి, మెడనొప్పి, జుట్టు రాలడం సరేసరి. అక్టోబర్ 5 తర్వాత నెలసరి రాలేదు. మావారు దసరాకి సెలవు మీద వచ్చి అక్టోబర్ 28న వెళ్లారు. అక్కడ సిగ్నల్ దొరికినప్పుడే ఫోన్ చేస్తారు. అది తరచూ నా మీటింగ్ టైమే అవుతుంది. మొన్న ఒక కాల్ మిస్సయింది, మళ్లీ నాలుగు రోజుల దాకా రాలేదు. ఆ నాలుగు రోజులూ టీవీ స్క్రోలింగ్ చూస్తూనే ఉన్నాను. నిద్ర కోసం మందుల షాపులో అల్ప్రజోలామ్ ఇస్తే ఇరవై రోజులుగా రోజూ సగం మాత్ర వేసుకుంటున్నాను. ఎప్పుడో మానేసిన బాబు మళ్లీ పక్క తడుపుతున్నాడు. అత్తయ్యగారేమో "ఇంట్లో కూర్చుని చేసే పనే కదా" అంటారు. నాకు గుండె జబ్బా? థైరాయిడా? ఉద్యోగం మానేస్తే తగ్గుతుందా?

సలహా: అమ్మా, ముందుగా రేపు ఉదయం చేయాల్సిన పని ఒకటి చెబుతాను. మందుల షాపులో ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చుకుని పొద్దున మొదటి మూత్రంతో పరీక్ష చేసుకోండి. చివరి నెలసరి వచ్చి రెండు నెలలు దాటింది, మీవారు అక్టోబర్ చివరిదాకా ఇంట్లోనే ఉన్నారు. నిద్రలేమి వల్ల, టెన్షన్ వల్ల కూడా నెలసరి తప్పవచ్చు. కానీ ఆ మాట అనుకునే ముందు గర్భం కాదని తేల్చుకోవాలి. మెడనొప్పికి ఎక్స్‌రే తీయించినా, కొత్తగా ఏ మాత్ర వేసుకున్నా ఈ పరీక్ష తర్వాతే.

ఇక గుండె సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నా కన్ను నవంబర్ మొదటి వారం దగ్గరే ఆగింది. ఆ వారానికి కాస్త ముందు నుంచి ఇప్పటిదాకా మూడు మార్పులు జరిగాయి. ఆయన వెళ్లిపోయారు. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, దాంతో మీ షిఫ్ట్ గంట ఆలస్యంగా మొదలవుతోంది. అప్పటిదాకా మూడున్నరకి అయ్యే పని నాలుగున్నరకి పోయింది, స్కూలు బస్సు మాత్రం తన టైముకే వస్తోంది. అంటే ఆ గంట నేరుగా మీ నిద్రలోంచి పోయింది. మూడోది, మిస్సయిన ఆ కాల్ తర్వాత ఫోన్‌ను దిండు పక్కన పెట్టుకుని ఉంటారు. మీరు రాయలేదు గానీ మీలాంటి వాళ్లు చాలామంది నా దగ్గరకు వస్తారు, కాబట్టి నాకు తెలుసు. ఫోన్ మోగకపోయినా చెవి దాని మీదే ఉంటుంది. దాన్ని నిద్ర అనలేం.

కాబట్టి గుండె జబ్బు అయ్యే అవకాశం తక్కువ. అలాగని పరీక్షల్లేకుండా 'టెన్షన్' అని చెప్పి పంపేసే డాక్టర్ల మీద నాకు నమ్మకం లేదు. దడ అనే ఆడవాళ్లలో నేను ముందు చూసేది హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే బాగా తగ్గితే గుండె వేగంగా కొట్టుకోవచ్చు, ఆయాసం రావచ్చు, జుట్టు రాలవచ్చు. మీరు చెప్పినవాటిలో సగం అక్కడే దొరకవచ్చు. దాంతోపాటు ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బి12, పరగడుపు షుగర్, ఒక ఈసీజీ, బీపీ. ఇవన్నీ తాడేపల్లిగూడెంలోనే ఒక్క పూటలో అయిపోతాయి. ఐరన్ మాత్ర రాస్తే టీతో గానీ, టీ తాగిన గంటలోపు గానీ వేసుకోకండి, ఒంటికి పట్టదు.

దడ వచ్చినప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. 110, 120 మధ్య ఉండి, పది నిమిషాల్లో పతాక స్థాయికి వెళ్లి మెల్లగా దిగిపోతే అది పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచెత్తే భయం) లక్షణం. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై 150 దాటినా, కొట్టుకోవడం లయ తప్పినా, కళ్లు తిరిగి పడిపోయినా, మెట్లెక్కుతుంటే ఛాతీలో నొప్పి వచ్చినా ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

రాత్రి ఒంటిగంటకు కాఫీ తాగుతున్నారా? తాగే ఉంటారు. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. ఒంటిగంట కాఫీ ఆరింటికి కూడా ఒంట్లో సగం ఉంటుంది. చివరి కప్పు పదిన్నరకి. అన్నం షిఫ్ట్ ముందే తినేయండి, రెండింటికి ఆకలైతే ఒక గ్లాసు మజ్జిగ, గుప్పెడు వేరుశనగలు. ఖాళీ కడుపు, కాఫీ, మూడు గంటల రాత్రి, వీటికి క్లయింట్ మెయిల్ కూడా తోడైతే నాకైనా దడ వస్తుంది.

అల్ప్రజోలామ్ విషయంలో కాస్త గట్టిగానే చెప్పాలి. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. కొన్ని వారాల్లోనే అలవాటుగా మారుతుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి, ఒక్కసారిగా ఆపితే దడ, నిద్రలేమి రెట్టింపవుతాయి. ఫిజీషియన్‌కో సైకియాట్రిస్టుకో చూపించి మెల్లగా తగ్గించుకోవాలి. కిట్‌లో రెండు గీతలు వస్తే, అంటే గర్భమని తేలితే, ఆ సంగతి కూడా వాళ్లకు అదే రోజు చెప్పాలి.

ఇప్పుడు అసలు వైద్యం, నిద్ర. ఒక జవాను భార్య నాతో అన్న మాట చెబుతాను: "మావారికి సెంట్రీ డ్యూటీ రెండు గంటలే సార్, తర్వాత ఇంకొకరు వస్తారు. నాకే రిలీఫ్ రాదు." మీ ఇంట్లో కూడా మీకు రిలీఫ్ రావాలి. తెల్లవారుజామున 5 నుంచి 9:30 దాకా మిమ్మల్ని ఎవరూ లేపకూడదు. వారంలో ఏడు రోజులూ అదే వేళ. బాబును లేపి, టిఫిన్ పెట్టి, బస్సెక్కించడం అత్తమామల పని. యూనిఫారం, బ్యాగు షిఫ్ట్‌కి ముందే సర్ది పెడితే చాలు. మధ్యాహ్నం 2 నుంచి 3:30 దాకా ఇంకో విడత. మొత్తం ఆరు గంటలు. అది కూడా తక్కువే గానీ ఇప్పుడు మీరు పడుకుంటున్నదానికంటే చాలా మేలు. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. శనివారం, ఆదివారం నలుగురితో పాటు పదింటికే పడుకుని ఆరింటికి లేచారనుకోండి, సోమవారం ఒళ్లు మళ్లీ మొదటికొస్తుంది.

ఇది అత్తయ్యగారికి ఎవరు చెప్పాలి? మీరు కాదు, మీవారు. కోడలు చెబితే సాకవుతుంది, కొడుకు చెబితే మాటవుతుంది. ఈసారి ఫోన్ కలిసినప్పుడు మొదటి రెండు నిమిషాలు వాళ్లమ్మగారితోనే మాట్లాడమనండి. "అమ్మా, అది రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పడుకుంటోంది, నాలాగే" అంటే చాలు. ఫౌజీ తల్లికి డ్యూటీ అన్న మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, ఇంటిపనికి మనిషిని పెట్టుకోండి. మీ జీతంలోంచి ఇచ్చుకోవడానికి మొహమాటం ఎందుకు? మా ఇంట్లో నేను ఎన్నడూ ఒక గిన్నె కడగలేదని మా ఆవిడ ఈ కాలమ్ చదివినప్పుడల్లా గుర్తుచేస్తుంది, కాబట్టి ఈ సలహా ఇవ్వడానికి నాకు అర్హత లేకపోయినా ఇస్తున్నాను.

ఇక ఆ ఫోన్. కాల్ మిస్సవుతుందన్న భయంతోనే మీరు మేలుకుని ఉంటున్నారు. అందుకే ఫోన్ ఆపేయమని చెప్పను. డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, ఆయన నంబర్‌ను, ఆయన అప్పుడప్పుడూ వాడే స్నేహితుల నంబర్లను ఫేవరెట్స్‌లో చేర్చండి. కొద్ది నిమిషాల్లోనే రెండోసారి చేస్తే ఎవరి కాలైనా మోగేలా అదే సెట్టింగ్స్‌లో ఇంకో మీట ఉంటుంది, దాన్నీ ఆన్ చేయండి. కొత్త నంబర్ నుంచి చేస్తే వెంటనే రెండోసారి చేయమని ఆయనకు చెప్పండి. ఆపైన ఫోన్‌ను గదిలో అటు చివర బల్ల మీద పెట్టండి. మోగితే వినిపిస్తుంది, మోగకపోతే చేతికి అందదు.

ఇక మీటింగ్ మధ్యలో కాల్ వస్తే? మేనేజర్‌కి ముందే ఒక్క ముక్క చెప్పి ఉంచండి: "మావారు ఫీల్డ్‌లో ఉన్నారు, ఆయన కాల్ వస్తే అయిదు నిమిషాలు మ్యూట్‌లో ఉంటాను." ఇది అడగడానికి సిగ్గుపడి నెలల తరబడి నలిగినవాళ్లను చూశాను. అడిగినప్పుడు కాదన్న మేనేజర్ గురించి మాత్రం నేనింతవరకు వినలేదు.

టీవీ స్క్రోలింగ్ గురించి ఊరికే ధైర్యం చెప్పి వదిలేయను. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు అమరుడైన వారం, 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా కుర్రాడు మురళీ నాయక్ నేలకొరిగిన వారం, దడ అంటూ నా ఓపీకి వచ్చిన భార్యలు, తల్లులు నాకింకా గుర్తున్నారు. కాబట్టి మీ భయం ఉత్తదని నేను అనను. అయితే ఏ కబురైనా ముందు ఇంటికి చెప్పాకే పేర్లు బయటపెట్టడం ఆర్మీ పద్ధతి. ఇంటికి ఎవరూ రాలేదు, యూనిట్ నుంచి ఫోన్ లేదు అంటే సాధారణంగా సిగ్నల్ లేదని మాత్రమే అర్థం. లద్దాఖ్‌లో చలికాలం మంచుకు నాలుగు రోజులు ఫోన్ కలవకపోవడం వింతేమీ కాదు. వార్తలు రోజుకొక్కసారి, సాయంత్రం ఆరింటికి, పది నిమిషాలు. మధ్యరాత్రి వద్దు. ఈ నాలుగు రోజుల తంతు ముందే దాటినవాళ్లు కావాలంటే దూరం వెళ్లక్కర్లేదు, మీ పక్కనే సైనికుల ఊరుగా పేరున్న మిలిటరీ మాధవరం ఉంది. అక్కడ ఏ అరుగు మీద కూర్చున్నా ఒకరు దొరుకుతారు.

బాబు విషయం. మానేసిన పిల్లాడు ఆరు నెలలు దాటాక మళ్లీ పక్క తడిపితే ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్, షుగర్ లేవని తేలాలి. మలబద్ధకం ఉందేమో చూడండి, అది కూడా కారణం కావచ్చు. అవేవీ లేకపోతే వాడికీ నాన్న బెంగే అనుకోవాలి. తిట్టొద్దు, చుట్టాల ముందు ఆ మాట ఎత్తొద్దు. తడిసిన దుప్పటి పొద్దున్నే చప్పుడు కాకుండా మార్చేయమని అత్తయ్యగారికి చెప్పండి. రాత్రి బాబు పడుకునే వేళకు మీరు లాప్‌టాప్ ముందుంటారు, నాన్న లద్దాఖ్‌లో ఉంటారు. సిగ్నల్ ఉన్నప్పుడు ఆయన్ని రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు నాలుగైదు పంపమనండి. కథలే అక్కర్లేదు, అక్కడ మంచు ఎంత పడింది, ఈరోజు లంగర్‌లో ఏం వండారు అన్నా చాలు. రోజుకొకటి తాతగారి పక్కలో పడుకుని వింటాడు.

మెడనొప్పికి మందు కంటే కుర్చీ ముఖ్యం. మంచం మీద దిండు పెట్టుకుని, దాని మీద లాప్‌టాప్ పెట్టి పనిచేస్తున్నారా? బల్ల, కుర్చీ, కళ్లకు ఎదురుగా స్క్రీన్, విడిగా ఒక కీబోర్డు. గంటకోసారి లేచి వాకిట్లోకి వెళ్లి రండి.

దడతో పాటు ఏ పని మీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతకడం దేనికి అనిపించడం ఉంటే ఒక్క నిమిషం ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సైనికులకు, వాళ్ల కుటుంబాలకు ప్రత్యేకంగా పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో 2023 డిసెంబర్‌లో ఒక విభాగం కూడా తెరిచారు. సైనికుల కుటుంబాలకు ఇచ్చే డిపెండెంట్ కార్డు మీ దగ్గరే ఉంటే, పెద్ద పరీక్షలేవైనా అవసరమైనప్పుడు విశాఖలో నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి గానీ, సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్ గానీ మీకు దారి ఉంది. ఆ కార్డు ఆయన పెట్టెలో ఉండిపోతే ఈసారి వచ్చినప్పుడు తీసిపెట్టుకోండి.

చివరగా మీరడిగిన ఉద్యోగం మాట. ఇప్పుడే మానకండి. నాలుగు గంటల నిద్ర మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. యూకే షిఫ్ట్‌కి మార్చమని అడగండి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర అయితే పదకొండున్నరకల్లా పడుకోవచ్చు, ఆరున్నరకి లేచి బాబును మీరే బస్సెక్కించవచ్చు. అప్పుడు నేను పైన చెప్పిన పగటి నిద్రలు, దుప్పటి కట్టడాలు ఏవీ అక్కర్లేదు. డాక్టర్ సర్టిఫికెట్ కావాలంటే పరీక్షలు చేసిన డాక్టరే రాసిస్తారు. ఆర్మీలో ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి కదా, మీ సెలవులను కూడా వాటి చుట్టూ అమర్చుకోండి. ఆయన వచ్చిన వారం ఎలాగూ తీసుకుంటారు. ఆయన రైలెక్కిన మర్నాడు, ఆ తర్వాతి రోజు కూడా సెలవు పెట్టండి. పోయినసారి మీరు కుదేలైంది ఆ రోజుల్లోనే.

కిట్‌లో ఒక్క గీతే వస్తే రిపోర్టులన్నీ పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి. రెండు గీతలు వస్తే ముందు గైనకాలజిస్టు దగ్గరికి. అప్పుడు నేను చెప్పినవాటిలో కాఫీ, ఐరన్, షిఫ్ట్ సంగతులు మళ్లీ మొదటినుంచి మాట్లాడుకోవాలి, వెంటనే రాయండి.