యజమాని స్లాబుకు మీ పేరిట అప్పు వద్దు

ప్రశ్న: మల్కాజిగిరిలో పై అంతస్తులో నెలకు రూ.16,000 అద్దెకు ఉంటున్నాం. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చాం. వానలు మొదలైనప్పటి నుంచి పడకగది గోడ చెమ్మగిల్లి నల్లగా బూజు పట్టింది. గదిలో బట్టలు ఆరేయడమే కారణమని యజమాని అంటున్నారు. లోన్ యాప్‌లో రూ.1,20,000 తీసుకుని స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్, గోడలకు రంగులు మేమే వేయించుకోవచ్చా? జీతం రూ.48,000, ఇంటి ఖర్చు రూ.40,000. బ్యాంకులో రూ.9,000, మ్యూచువల్ ఫండ్లలో రూ.80,000 ఉన్నాయి.

జవాబు: ఈ అప్పు దయచేసి తీసుకోకండి. 24 శాతం వడ్డీకి రెండేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు సుమారు రూ.6,345 కట్టాలి. వడ్డీయే రూ.32,000 దాటుతుంది, అంటే మీరిచ్చిన అడ్వాన్సంత సొమ్ము. రేపు మీరు ఖాళీ చేసినా స్లాబు యజమానికే మిగులుతుంది, వాయిదాలు మీకు మిగులుతాయి. అద్దె ఇంటి మరమ్మతుకు అప్పు చేసి వచ్చేవారిని తరచూ చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తప్పు ఎవరిదో ముందు తేల్చుకోండి. గోడను పొడిగుడ్డతో తుడిచి, జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. తడి గది వైపు పడితే గాలి ఆడకపోవడం, లోపల బట్టలు ఆరేయడం కారణం కావచ్చు. గోడ వైపు పడితే, అందులోనూ వాన కురిసినప్పుడల్లా స్లాబు మూల నుంచి మరక కిందికి దిగుతుంటే, నీరు పైనుంచే వస్తోందని అర్థం. తేదీతో ఫొటోలు తీసి యజమానికి రాతపూర్వకంగా పంపండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించి తీరాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే అద్దెదారే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఒప్పందంలో వేరుగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది కనుక, మీ అగ్రిమెంటులో మరమ్మతుల మాట ఎలా ఉందో చదవకుండా అద్దె కోయకండి. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం కూడా కట్టడపు మరమ్మతులను యజమాని వంతుకే చేర్చింది కానీ, రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది.

మీ అసలు లోటు అత్యవసర నిధి. చేతిలో రూ.9,000 మాత్రమే ఉన్న కుటుంబం ఇల్లు మారలేదు, మారలేనప్పుడు యజమాని ఏమన్నా సర్దుకుపోవాల్సి వస్తుంది. పాత అడ్వాన్సు చేతికి రాకముందే కొత్త ఇంటికి అడ్వాన్సు, సామాన్ల లారీ, బ్రోకరు కమీషన్ అన్నీ కట్టాలి. అందుకే అద్దెకుండేవారికి మూడు నెలల ఖర్చు ఒక్కటే చాలదు, దానిపై ఇంకొక అడ్వాన్సు కూడా ఉండాలంటాను. మీ లెక్కన అది రూ.1,52,000. ఫండ్ల నుంచి రూ.60,000 ఇప్పుడే తీసి సేవింగ్స్ ఖాతాలో పెట్టండి. సిప్ (ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) ఏదైనా నడుస్తుంటే ఆపి, నెలనెలా మిగిలే రూ.8,000 ఆ సేవింగ్స్ ఖాతాలోనే జమ చేయండి. గృహ బీమాపై ఆశ పెట్టుకోకండి, నెమ్మదిగా ఊరే చెమ్మను పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి.

నోటీసు ఇచ్చిన నెలలోగా యజమాని కదలకపోతే ఇల్లు మారండి. కొత్త ఇంటిని వాన పడిన మరుసటి రోజు చూడండి. ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే కారణం అడిగి, చెమ్మ మరమ్మతు యజమానిదేనన్న వాక్యం అగ్రిమెంటులో చేరిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.