ముక్క సరే, ఆ మాత్రల సంగతేమిటి?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగు నెలల క్రితం బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి దగ్గర ఎముక విరిగితే రాడ్ వేశారు. అప్పుడు డ్రిల్ బిట్ కొన విరిగి ఎముకలో ఉండిపోయిందని, తీయనవసరం లేదని సర్జన్ చెప్పారు. నెల రోజులుగా నొప్పి పెరిగింది. మెడికల్ షాపులో తెచ్చిన మాత్రలు వేస్తే తగ్గుతోంది. ఆ ముక్క కదిలి గుండెకు చేరుతుందా? మళ్లీ ఆపరేషన్ చేయించి తీయించాలా?
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు ముక్క సంగతి. గట్టి ఎముకలో బిట్ కాస్త వంగినా కొన విరగవచ్చు. దాన్ని తవ్వి తీయాలంటే మంచి ఎముకను కూడా తొలచాలి, మత్తులో ఉంచే సమయమూ పెరుగుతుంది. అందుకే ఎముకలో బిగుసుకుని, కీలుకు దూరంగా ఉంటే చాలాసార్లు వదిలేస్తాం. అలాంటిది సాధారణంగా కదలదు. కీలులోకి చొచ్చినా, రక్తనాళాల దగ్గర ఉన్నా తీయాల్సి రావచ్చు. ఎక్స్‌రే ముందు నుంచి, పక్క నుంచి రెండూ ఉండాలి. ఒక్కదానిలో చూస్తే ఎముక లోపల ఉన్నదీ, ఎముక ముందు ఉన్నదీ ఒకేలా కనిపిస్తాయి. మీ ఫిల్ములు చూడకుండా ఇంతకు మించి చెప్పలేను.

నన్ను కలవరపెడుతున్నది ఆ నొప్పి. నాలుగో నెలకు తగ్గాల్సింది పెరుగుతోందంటే ఎముక అతుక్కోకపోవడమో, స్క్రూ జరగడమో, లోపల ఇన్ఫెక్షనో అని అనుమానించాలి. మాత్ర నొప్పిని, జ్వరాన్ని కూడా కప్పేస్తుంది. జబ్బు లోపల తన పని తాను చేసుకుపోతుంది. పైగా షుగర్ ఉన్నవారు డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే కిడ్నీలకు ముప్పు. రోజుకు ఎన్ని వేస్తున్నారో మీరు రాయలేదు, చాలామంది రాయరు. షాపులో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్ నా బల్ల మీద పెడతారు, దాని మీద పేరే ఉండదు. ఏ మందు అని అడిగితే 'తెల్ల మాత్ర సార్' అంటారు. నెల రోజులు ఆగడం పొరపాటే, ఏమీ అనుకోకండి.

ఆ మాత్రలు ఆపి, ఈ వారంలోనే ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించండి. కొత్త ఎక్స్‌రే తీసి పాతవాటితో పోల్చాలి. ఇన్ఫెక్షన్ జాడ తెలిపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, షుగర్ రక్తపరీక్షలు అవసరం కావచ్చు. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, కాలు మోపలేకపోయినా వారం ఆగకండి, అదే రోజు వెళ్లండి. సొంతంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టవద్దు, తర్వాత పరీక్షల్లో క్రిమి దొరక్కపోవచ్చు.

ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి, విరిగిన బిట్ సంగతి అందులో ఉండాలి. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వస్తే లోపల లోహపు ముక్క, రాడ్ ఉన్నాయని అక్కడి సిబ్బందికి ముందే చెప్పాలి. రెండో అభిప్రాయం కావాలంటే నిమ్స్‌కో గాంధీకో వెళ్లండి, కానీ ఫోనులో తీసిన ఫొటోలతో కాదు, అసలు ఫిల్ములతో.

మరొకటి. బాత్‌రూమ్‌లో జారితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. ఎముకల గట్టిదనాన్ని కొలిచే డెక్సా పరీక్ష గురించి కూడా సర్జన్‌ను అడగండి.