మంచువాలుపై తోడుగా ఉండాలంటే

ప్రశ్న: డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వింటర్ పార్క్ స్కీ కేంద్రంలో దివ్యాంగులకు స్కీయింగ్ నేర్పేచోట స్వచ్ఛందంగా సాయపడాలని ఉంది. నాకు వచ్చిన స్కీయింగ్ అంతంతమాత్రమే. పనికివస్తానా?

జవాబు: తప్పక పనికివస్తారు, ఏ పనికన్నది మాత్రం మీ నైపుణ్యాన్ని బట్టి ఉంటుంది. అక్కడి శిక్షణ 1970లో డెన్వర్ బాలల ఆసుపత్రి నుంచి వచ్చిన, అవయవాలు కోల్పోయిన 23 మంది పిల్లలకు హాల్ ఓలియరీ అనే స్కీ శిక్షకుడు నేర్పిన పాఠాలతో మొదలైంది. నిలబడలేనివారు కూర్చునే జారుతారు. నడుముపై పట్టున్నవారు ఒకే స్కీ (మంచుపై జారే పొడవాటి పలక) మీద బిగించిన కుర్చీలో కూర్చుని, చివర చిన్న స్కీలున్న ఊతకర్రలతో తామే మలుపులు తిప్పుకొంటారు. అంత పట్టు లేనివారికి రెండు స్కీల కుర్చీ ఉంటుంది. దానికి కట్టిన పట్టీలను శిక్షకుడు వెనుక నుంచి పట్టుకొని వేగాన్ని అదుపు చేస్తాడు. ఆ పట్టీలను కొత్తవారి చేతికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

చూపులేనివారికి దారి చూపడం మరీ కష్టమైన పని. ముందో వెనుకో జారుతూ, ఎదుటి వాలును తాము చదువుకొంటూనే, ‘ఎడమ’, ‘కుడి’, ‘ఆగండి’ అని క్షణం తడబడకుండా చెప్పగలగాలి. పారాలింపిక్స్‌లో ఈ మార్గదర్శకులకూ పతకం ఇస్తారంటే ఆశ్చర్యమేముంది!

మీరు మొదట సాధనాలు మోయడం, కొలతకు అమర్చడం, వీల్‌చైర్ నుంచి స్కీ కుర్చీలోకి మారేటప్పుడు చేయందించడం వంటివి నేర్చుకోండి. ఎక్కడ పట్టుకోవాలో ఆ వ్యక్తినే అడగండి. అడగకుండా ఎత్తబోవడం మనవాళ్లకు బాగా అలవాటైన పొరపాటు. మంచుకాలం మొదలవకముందే దరఖాస్తు చేసుకోండి.