తాత పెట్టెలో జపాన్ కత్తి

ప్రశ్న: సార్, బర్మా యుద్ధంలో పనిచేసిన మా తాత ట్రంకుపెట్టెలో జపాన్ ఆఫీసర్ కత్తి దొరికింది. సన్నగా, తేలిగ్గా ఉంది. పదును అసలే లేదు. నకిలీదా? సాన పట్టించమంటారా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సాన మాటే ఎత్తొద్దు తమ్ముడూ! పదును లేనంత మాత్రాన నకిలీ కాదు. పరేడ్‌లో నడుముకు కట్టుకోవడానికి చేసిన కత్తులు అలాగే ఉంటాయి. వాటి అలుగుకు నికెల్ పూత ఉంటుంది, సాన పడితే అది లేచిపోతుంది. యుద్ధానికని సంప్రదాయ రూపంలో కొత్త కత్తి 1934లో వచ్చింది. అంతకుముందువి పాశ్చాత్య తరహావి, వేళ్లకు అడ్డుగా ఇత్తడి కమానుతో ఉండేవి. మీది ఆ తరహాదేనా చూడండి. నా దగ్గరున్నదాని పిడి వెనక బొటనవేలితో తడిమితే చెర్రీ పూలు ఎత్తుగా తగులుతాయి. అక్కడ చిన్న వంశ చిహ్నం కూడా ఉంటే మీ అదృష్టమే. అది ఎవరి ఇంటిదో వెతకడం నాకు ప్రాణం! ఒరలో చెమ్మ నిలుస్తుంది కాబట్టి వానాకాలంలో కత్తిని బయటికి తీసి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. తొమ్మిది అంగుళాలు దాటిన అలుగుకు ఆయుధాల చట్టం కింద కొన్నిచోట్ల లైసెన్స్ కావాలి. ముందు నల్గొండ ఎస్పీ ఆఫీసులో అడగండి.